ఏ తేదీ ప్రకారం?

ఈమధ్య కొన్నేళ్లుగా మే నెల మొదటి రోజుల్లో పత్రికల్లో ఒకే తరహా శీర్షిక కనబడుతోంది: ఏప్రిల్‌లో జీఎస్టీ వసూళ్ల రికార్డు. 2024 ఏప్రిల్‌లో రూ.2.10 లక్షల కోట్లు, 2025 ఏప్రిల్‌లో రూ.2.37 లక్షల కోట్లు. ఆ అంకె చూసి ఏప్రిల్‌లో బజారు కళకళలాడిందని అనుకోవడం సహజం. కానీ దిగుమతుల మీద వచ్చే పన్నును పక్కన పెడితే, అందులో ఎక్కువ భాగం మార్చి వ్యాపారానిది. మార్చిలో కొట్టిన బిల్లుల తాలూకు పన్ను కట్టి జీఎస్టీఆర్-3బి దాఖలు చేయడానికి ఏప్రిల్ 20 దాకా గడువుంటుంది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న వ్యాపారులకైతే తెలుగు రాష్ట్రాల్లో 22 దాకా. ఆర్థిక సంవత్సరం ముగుస్తోందని మార్చి నెలాఖరులో టార్గెట్ల కోసం హడావిడిగా తోసిన సరుకంతా ఏప్రిల్ వసూళ్లలో తేలుతుంది. అంకెలో అబద్ధం లేదు. డబ్బు ఖజానాకు చేరిన నెలను బట్టి కట్టిన లెక్కను, సరుకు అమ్ముడుపోయిన నెల లెక్కగా చదవడంలోనే ఉంది తిరకాసు.

జీఎస్టీతో ఆగే సంగతి కాదిది. కంపెనీ మీటింగుల్లో, కలెక్టరేట్ సమీక్షల్లో, బ్యాంకుల ప్రాంతీయ కార్యాలయాల్లో ఇప్పుడు గోడ మీద పెద్ద తెర, తెర మీద డాష్‌బోర్డు. పై మూలన ఒక చిన్న గడి: 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు'. రెండు తేదీలు నొక్కగానే కింద ఉన్న పటాలూ పట్టికలూ అన్నీ మారిపోతాయి. ఆ గడి ఏ తేదీని పట్టుకుని వడకడుతోందని అడిగేవారే తక్కువ. ఆర్డరు వచ్చిన తేదీనా, బిల్లు తేదీనా, సరుకు చేరిన తేదీనా, డబ్బు పడిన తేదీనా? రిపోర్టు ఏ తేదీ ప్రకారం తయారైందో దాని ముఖం మీదే రాసి ఉండాలి. చూసేవారు ఆ తేదీని మార్చుకోగలగాలి. ఇంకా తేదీ పడని వరసలు లెక్కలోంచి జారిపోకూడదు. సాఫ్ట్‌వేరు కుర్రాళ్లు చూసుకుంటారులే అని యజమానులూ అధికారులూ వదిలేసే చోటే ఈ మూడూ గాలికి పోతున్నాయి.

ఒక్క బిల్లును దగ్గర పెట్టుకుని చూద్దాం. విజయవాడలో ఫ్యాన్లు, మోటార్లు అమ్మే డిస్ట్రిబ్యూటరు ఒకరున్నారనుకుందాం. శ్రీకాకుళం దుకాణదారు మార్చి 26న ఫోన్‌లో ఆర్డరు చెప్పాడు. 30న బిల్లు కొట్టి, ఈ-వే బిల్లు తీశారు. 31 రాత్రి లారీ ఆఫీసులో ఎల్‌ఆర్ (లారీ రసీదు) రాసి సరుకు ఎక్కించారు. ఏప్రిల్ 3న దుకాణం ముందు దిగింది. రెండు మోటార్లు దెబ్బతిని వచ్చాయని 9న తిప్పి పంపితే ఆ రోజే క్రెడిట్ నోటు ఇచ్చారు. మే 14న చెక్కు చేతికొచ్చింది, 16న బ్యాంకులో పాసైంది. ఒక్క బిల్లుకు ఏడు తేదీలు, మూడు నెలలు, రెండు ఆర్థిక సంవత్సరాలు.

ఈ ఏడింటిలో ఎవరి తేదీ వారికి ముద్దు. ఇన్సెంటివ్ రావాల్సిన సేల్స్ మేనేజరుకు ఆర్డరు పడిన 26వ తారీఖే అమ్మకం. అకౌంటెంటుకు బిల్లు తేదీ. గోడౌను ఇన్‌ఛార్జికి సరుకు గుమ్మం దాటిన రోజు. చెక్కు పాసయ్యేదాకా అసలు అమ్మినట్టే కాదని యజమాని లోలోపల అనుకుంటూ ఉంటాడు. ఇక వాపసు వచ్చిన రెండు మోటార్లను ఏ నెలలో తగ్గించాలి? క్రెడిట్ నోటు తేదీ పట్టుకుంటే ఏప్రిల్ అమ్మకం తగ్గుతుంది, మార్చి రికార్డు చెక్కుచెదరదు. అసలు బిల్లు తేదీకి తిప్పితే మార్చి మీసం కాస్త వంగుతుంది. మార్చి 31 నాడు గోడౌను ఖాళీ చేసి, ఏప్రిల్ రెండో వారంలో వాపసులు దించుకునే అలవాటు చాలా లైన్లలో ఉన్నదే. బిల్లు తేదీ ఒక్కటే చూపించే డాష్‌బోర్డుకు ఆ అలవాటు ఎప్పటికీ కనబడదు.

టాలీ సాఫ్ట్‌వేరు మీద పెరిగిన అకౌంటెంట్లకు ఇందులో కొత్తేమీ లేదు. కొనుగోలు వోచరులో వోచరు తేదీ ఒకటి, సప్లయరు ఇన్‌వాయిస్ తేదీ మరొకటి ఉంటాయని వారికి తెలుసు. బ్యాంకు రికన్సిలియేషన్‌లో చెక్కు తేదీ పక్కన బ్యాంకు తేదీ విడిగా కొట్టాలనీ తెలుసు. ఎఫ్2 నొక్కితే తేదీ, ఆల్ట్ ఎఫ్2 నొక్కితే కాలవ్యవధి. అంతకు ముందు చిట్టా, ఆవర్జాలు రాసిన గుమస్తాలు కూడా రోజువారీగా చిట్టాలో ఎక్కించిందాన్ని మనిషివారీగా ఆవర్జాలోకి దించేటప్పుడు ఏ రోజు సరుకు, ఏ రోజు జమ అని రెండు వైపులా వేసుకునేవారు. ఇన్ని తేదీలున్న పుస్తకాల మీద నుంచి తీసి, రంగురంగుల డాష్‌బోర్డు కట్టేసరికి మాత్రం ఒక్క తేదీ మిగులుతోంది.

ఇప్పుడు ఆ డిస్ట్రిబ్యూటరు మూడు ప్రశ్నలు అడిగాడనుకోండి. మార్చి బిల్లుల మీద ఇప్పటిదాకా ఎంత వసూలైంది? మార్చిలో చేతికొచ్చిన డబ్బెంత? మార్చి 31 నాటికి బజార్లో ఉన్న బాకీ ఎంత? వినడానికి మూడూ ఒకే ప్రశ్నలా ఉంటాయి. మొదటిదానికి బిల్లు తేదీ మీద మాత్రమే ఫిల్టరు పెట్టాలి, డబ్బు ఏ నెలలో పడినా లెక్కలోకి రావాలి. రెండోదానికి డబ్బు పడిన తేదీ ఒక్కటే చూడాలి. అందులో జనవరి బిల్లుల జమలూ, నిరుటి మొండి బాకీల జమలూ కలిసి ఉంటాయి. మూడోదే అసలు పరీక్ష. బిల్లు తేదీ మార్చి 31 గానీ అంతకు ముందుగానీ అయి ఉండాలి, డబ్బు పడిన తేదీ మార్చి 31 తర్వాతదైనా కావాలి, లేదా ఆ గడి ఇంకా ఖాళీగా అయినా ఉండాలి. రెండు తేదీల మీద రెండు వేర్వేరు షరతులు, పైగా ఒక 'లేదా'.

చాలా డాష్‌బోర్డుల్లో ఆ 'లేదా'కు చోటుండదు. రెండు తేదీల ఫిల్టర్లు పక్కపక్కన పెడితే రెండూ నెరవేరిన వరసలే మిగులుతాయి. రెండింటిలోనూ మార్చి అని పెడితే మార్చిలో కొట్టి మార్చిలోనే డబ్బు పడిన బిల్లులు మాత్రమే కనబడతాయి. శ్రీకాకుళం బిల్లు మాయమవుతుంది, జనవరి బాకీ మీద వచ్చిన జమా మాయమవుతుంది. ఎర్ర అక్షరాలతో తప్పని ఎక్కడా రాదు. శుభ్రంగా గీసిన ఒక చిన్న పటం వస్తుంది, మీటింగులో అందరూ తలూపుతారు.

ఖాళీ గడుల సంగతి ఇంకా దారుణం. డబ్బు ఇవ్వనివాడికి డబ్బు పడిన తేదీ ఉండదు. ఆ తేదీ మీద ఏ వ్యవధి పెట్టినా వాడు తెర మీదకు రాడు. 'మా బిల్లులు సగటున ఇన్ని రోజుల్లో వసూలవుతున్నాయి' అని గొప్పగా చూపించే అంకె కట్టేసినవాళ్ల సగటే. ఎగ్గొట్టినవాడు ఆ సగటును పాడుచేయడు, వాడు ఎగ్గొట్టేకొద్దీ అంకె అందంగానే ఉంటుంది. తీర్పు వచ్చిన కేసులకు పట్టిన కాలాన్ని మాత్రమే లెక్కవేసి కోర్టుల వేగం చెప్పినా, పరిష్కారమైన అర్జీలకు పట్టిన రోజులు మాత్రమే లెక్కవేసి ఫిర్యాదుల విభాగం పనితీరు చెప్పినా ఇదే మోసం. ఏళ్ల తరబడి మూలుగుతున్నవి ఆ లెక్కలో లేనే లేవు.

తేదీ ఎంపిక ఎంత ఖరీదైనదో చూడాలంటే ఉపాధి హామీ కూలి డబ్బుల కథను మించింది లేదు. 2005 నాటి చట్టం 3వ సెక్షన్‌లో మాట సూటిగానే రాశారు: కూలి వారానికోసారి ఇవ్వాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ పని చేసిన తేదీ నుంచి పక్షం రోజులు దాటకూడదు. అంటే గడియారం పని చేసిన రోజున మొదలై, కూలి చేతికందిన రోజున ఆగాలి. అదే చట్టం రెండో షెడ్యూలులో ఆలస్యానికి పరిహారం లెక్క దగ్గరకొచ్చేసరికి గడియారం మొదలయ్యే రోజు మస్టర్ రోల్ (హాజరు పట్టీ) మూసిన తేదీకి జరిగింది. 16వ రోజు దాటాక రోజుకు 0.05 శాతం పరిహారం. రూ.1,800 కూలి పది రోజులు ఆలస్యమైతే వచ్చేది తొమ్మిది రూపాయలు. ఆ తొమ్మిది రూపాయలనైనా ఎక్కడిదాకా లెక్కపెట్టారు?

ఇక్కడే డాష్‌బోర్డు రంగంలోకి దిగింది. మస్టర్ మూసి, కొలతలు వేసి, కూలి జాబితా కట్టి, ఇద్దరు అధికారుల సంతకాలతో నిధుల బదిలీ ఆర్డరు, అంటే అందరూ పిలిచే ఎఫ్‌టీఓ తయారవడం ఒక దశ. ఆ ఎఫ్‌టీఓ మీద కేంద్రం నుంచి డబ్బు కదిలి కూలీ ఖాతాలో పడడం రెండో దశ. జాతీయ పోర్టల్‌లో గొప్పగా కనబడిన శాతం '15 రోజుల్లో తయారైన చెల్లింపులు'. గడియారం ఎఫ్‌టీఓ దగ్గరే ఆగిపోయేది. ఆ తర్వాత డబ్బు ఢిల్లీలో ఎన్నాళ్లు ఆగినా ఆ గడిలోని అంకె కదిలేది కాదు, పరిహారం లెక్కా కదిలేది కాదు.

కొందరు పరిశోధకులు 2016-17కు సంబంధించి పది రాష్ట్రాల్లో 90 లక్షలకు పైగా కూలి చెల్లింపులను పట్టుకుని, ఖాతాలో జమ అయిన తేదీ దాకా లెక్కవేశారు. గడువులోగా కూలీకి అందినవి 21 శాతమే అని తేలింది. ఇందుకోసం వాళ్లు కొత్త సమాచారం పుట్టించలేదు, జమ తేదీ కూడా ప్రభుత్వ కంప్యూటర్లలో ఉన్నదే. ఫిల్టరు వేయాల్సిన కాలమ్ మార్చారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మే 18న ఇచ్చిన తీర్పులో, ఎఫ్‌టీఓ తర్వాత జరిగే ఆలస్యానికి కూడా కూలీకి పరిహారం దక్కాల్సిందేనని, అది ప్రభుత్వాల లోపలి వ్యవహారమని తప్పించుకోవడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ఒక కాలమ్ ఎంపికను సరిచేయడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం కలగజేసుకోవాల్సి వచ్చిందన్నమాట. ఏ తేదీ చూపాలో నిర్ణయించేవారి చేతిలోనే ఎవరు బాగా పనిచేస్తున్నట్టు కనబడాలన్నది కూడా ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కోవిడ్ కాలంలో ఇదే పాఠం ప్రపంచమంతా చదివింది, త్వరగానే మరిచిపోయింది కూడా. 2020 అక్టోబరు 3న బ్రిటన్ కొత్త కేసులు 12,872 అని, మర్నాడు 22,961 అని ప్రకటించారు. జనం గుండెలు గుభేలుమన్నాయి. జరిగిందేమిటంటే, ల్యాబుల నుంచి వచ్చిన ఫైళ్లను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కిస్తే అందులో 65,536 వరసలకు మించి పట్టవు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు అలా బయట పడిపోయాయి. వాటిని ఆలస్యంగా కలిపి ప్రకటించిన రోజుల్లో శిఖరం లేచింది. నమూనా తీసిన తేదీ ప్రకారం గీసిన పటంలో ఆ శిఖరమే లేదు, కేసులు వాటి వాటి రోజుల్లోకి వెళ్లి కూర్చున్నాయి. బ్రిటన్ వెబ్‌సైటులో రెండు తేదీల పటాలూ ఉండబట్టి తెలివైనవాళ్లు వెంటనే గ్రహించగలిగారు.

మన దగ్గర 2021 జూన్ 10న దేశంలో ఒక్కరోజు కోవిడ్ మరణాలు 6,148 అని వచ్చింది. అప్పటికి రెండో అల తగ్గుముఖం పట్టింది. ముందు రోజు బిహార్ తన మొత్తం మరణాల లెక్కను 5,458 నుంచి 9,429కి సవరించింది. వారాల క్రితం పోయినవాళ్లు ఆ ఒక్క రోజు ఖాతాలో పడ్డారు. చనిపోయిన తేదీ ప్రకారం మార్చుకుని చూసే వీలు రోజువారీ జాతీయ లెక్కలో సామాన్య పాఠకుడికి లేదు. ఆ రోజు టీవీల్లో రికార్డు అని ఎర్రగా మెరిసిన అంకె చాలామంది మనసుల్లో అలాగే ఉండిపోయింది.

ఈ విషయంలో పన్ను చట్టాలు రాసినవారిని మెచ్చుకోవాలి. వాళ్లను మెచ్చుకునే సందర్భాలు తక్కువ కాబట్టి ఇక్కడ వదులుకోకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 20న డబ్బు కట్టి, 23న ఇంటికి ఏసీ తెచ్చుకున్న మనిషికి ఏ రేటు? సీజీఎస్టీ చట్టం 14వ సెక్షన్ దీనికి ఒక తేదీతో సరిపెట్టలేదు. సరుకు ఇచ్చిన తేదీ, బిల్లు తేదీ, డబ్బు అందిన తేదీ మూడూ చూస్తుంది. మూడింటిలో ఏ రెండు ఎటువైపు ఉంటే ఆ రేటు. 20నే బిల్లు కూడా కొట్టేసి ఉంటే పాత 28, బిల్లు 23న కొట్టి ఉంటే కొత్త 18. ఆ వారంలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో లెక్కల మనుషులు పడిన తంటాలకు కారణం చట్టం కాదు, తమ సిస్టమ్‌లో మూడు తేదీలనూ ఒకేచోట చూపే రిపోర్టు లేకపోవడం.

ఇన్‌పుట్ క్రెడిట్ సంగతీ అంతే. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లు మీద క్రెడిట్ తీసుకోవడానికి మామూలుగా ఆ తర్వాత వచ్చే నవంబరు 30 ఆఖరు గడువు. బిల్లు ఏ సంవత్సరానిదో తేల్చేది సప్లయరు వేసిన తేదీ, మన గుమస్తా పుస్తకంలో ఎక్కించిన తేదీ కాదు. ఎక్కించిన తేదీ మీద ఫిల్టరు పెట్టి గడువు చూసుకున్నవాడు మార్చి బిల్లును ఏప్రిల్‌ది అనుకుని, ఏడాది గడువుందిలే అని నిబ్బరంగా ఉండిపోతాడు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న నిబంధన ఉంది, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే, డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలో గానీ ఆ ఖర్చును ఆదాయపు పన్నులో చూపుకోనివ్వరు. ఆ రోజులు సరుకు అందుకున్న రోజు నుంచి నడుస్తాయి. బిల్లు తేదీ, సరుకు చేరిన తేదీ, చెల్లించిన తేదీ మూడూ లేని రిపోర్టుతో ఈ నిబంధన పాటించామని ఏ ఆడిటరూ ధైర్యంగా సంతకం పెట్టలేడు.

సాఫ్ట్‌వేరు వైపు ఇది తెలియని జబ్బేమీ కాదు. డేటా వేర్‌హౌసింగ్ గురువు రాల్ఫ్ కింబల్ ఒకే క్యాలెండరు పట్టిక ఆర్డరు తేదీగా ఒకసారి, డెలివరీ తేదీగా మరోసారి వేషం మార్చుకుని పనిచేసే పద్ధతిని ఎప్పుడో చెప్పాడు. ఒక ఆర్డరు పుట్టినప్పటి నుంచి ముగిసేదాకా ఒక్కో మజిలీ తేదీని ఒకే వరసలో నింపుకుంటూ పోయే పట్టికలూ ఆయన పుస్తకాల్లో ఉన్నాయి. డాష్‌బోర్డులు కట్టడానికి హైదరాబాదు ఆఫీసుల్లో విరివిగా వాడే పవర్ బీఐలో రెండు పట్టికల మధ్య ఎన్ని లింకులైనా గీయవచ్చు గానీ, ఒక సమయంలో పనిచేసేది ఒక్కటే. అది గట్టి గీతగా కనబడుతుంది, మిగిలినవి చుక్కల గీతలు. మిగతావాటిని వాడాలంటే లెక్క రాసేటప్పుడు యూజ్‌రిలేషన్‌షిప్ అని ప్రత్యేకంగా పిలవాలి, లేదా తేదీకో క్యాలెండరు పట్టిక పెట్టాలి. గంటలో అయ్యే పని. కానీ మొదటి రోజు ఏ కుర్రాడు ఏ గీతను గట్టి గీతగా వదిలేశాడో అదే ఐదేళ్లపాటు కంపెనీ సత్యమై కూర్చుంటుంది.

ఇంకా కొన్ని చిల్లర మోసాలున్నాయి, చిల్లరే గానీ డబ్బుతో కూడినవి. 'మార్చి 31 వరకు' అని ఫిల్టరు పెడితే, సమయంతో సహా నిల్వ చేసిన కాలమ్‌లో అది 31 అర్ధరాత్రి మొదలయ్యే క్షణానికే ఆగిపోవచ్చు. ఏడాదిలో అత్యధికంగా బిల్లులు పడే రోజు మొత్తం ఎగిరిపోతుంది. సర్వరు గడియారం యూటీసీలో ఉంటే మన కాలమానం దానికి ఐదున్నర గంటలు ముందు కాబట్టి, రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 దాకా జరిగిన లావాదేవీలు ముందు రోజుకు పడతాయి. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే బస్సు టికెట్లు అమ్మేవారికీ, రాత్రంతా నడిచే ఫుడ్ డెలివరీకీ ఇది చిన్న తేడా కాదు. అమెరికా క్లయింటు పంపిన ఫైలులో 04/05 అంటే ఏప్రిల్ 5, ఇక్కడి కంప్యూటరు దాన్ని మే 4గా చదువుతుంది. 12 దాటిన తారీఖులు తేడా కొట్టి దొరికిపోతాయి, నెలలో మొదటి 12 రోజులు మాత్రం నోరు మెదపకుండా తారుమారవుతాయి.

ఇన్ని తేదీలు పెడితే మీటింగులో ఒక్కొక్కరు ఒక్కో అంకె పట్టుకొస్తారని, బాసుకు ఒకే అంకె కావాలని అనేవారున్నారు. వాదనలో పస లేకపోలేదు. ఏడు ఫిల్టర్లున్న తెరను చూసి జడుసుకుని పాత ఎక్సెల్ షీటుకే పోయిన మేనేజర్లు ఎంతోమంది. కానీ ఆ వేర్వేరు అంకెలు ఇప్పటికే ఉన్నాయి. సేల్స్ వారి వాట్సాప్‌లో ఒకటి, అకౌంట్స్ వారి షీటులో ఒకటి, గోడౌను రిజిస్టరులో ఒకటి. వాహనాల రంగాన్నే చూడండి. కంపెనీల సంఘం సియామ్ ఇచ్చేది ఫ్యాక్టరీ నుంచి డీలరుకు పంపిన బండ్ల లెక్క, డీలర్ల సంఘం ఫాడా ఇచ్చేది రిజిస్ట్రేషన్ అయిన బండ్ల లెక్క. దసరా ముందు నెలలో మొదటిది ఉబ్బుతుంది, పండుగ నెలలో రెండోది. రెండు అంకెలున్నాయని ఆ రంగం కూలిపోలేదు. ఏది దేనిదో అందరికీ తెలుసు కాబట్టి, రెండింటి మధ్య తేడా చూసి డీలర్ల దగ్గర బండ్లు పేరుకుపోతున్నాయో లేదో పసిగడుతున్నారు. తేడాయే సమాచారం అక్కడ.

కాబట్టి తెర మీద డిఫాల్టుగా ఒక తేదీ ఉండనివ్వండి. పటం శీర్షికలోనే 'బిల్లు తేదీ ప్రకారం' అని ఉండాలి. పక్కన 'తేదీ మార్చు' అనే ఒక్క మీట, దాన్ని నొక్కితే నాలుగైదు తేదీల జాబితా. కింద ఒక గీత: 'ఈ తేదీ ఇంకా పడనివి ఇన్ని, వాటి విలువ ఇంత'. ఏడు ఫిల్టర్లు అక్కర్లేదు. డాష్‌బోర్డు కట్టించుకునేటప్పుడు కోట్ చేసిన ధర మీద గంటసేపు బేరమాడే వ్యాపారి, ఈ మూడింటి గురించి ఐదు నిమిషాలు అడిగితే చాలు.

మన నేలకు పలు క్యాలెండర్లు కొత్తేమీ కాదు. అడంగళ్లలో ఫసలీ సంవత్సరం జులై 1న మొదలవుతుంది, 2024 జులైలో మొదలైంది ఫసలీ 1434. బడ్జెట్ ఏప్రిల్‌లో, ధాన్యం కొనుగోళ్ల మార్కెటింగ్ సీజన్ అక్టోబరులో. రెవెన్యూవారి సంవత్సరం వేరు, ఆర్థిక శాఖ సంవత్సరం వేరు అని గ్రామ కరణాలకు కూడా తెలిసే నడిచింది.

ఆ ధాన్యం కొనుగోళ్ల దగ్గరే, తేదీలన్నీ చూపే ఈ పద్ధతి ముందుగా మొదలుపెట్టవచ్చు. ప్రతి సీజన్లో ఇన్ని గంటల్లో రైతు ఖాతాలో డబ్బు అని ప్రభుత్వాలు చెబుతాయి, డబ్బు పడలేదని రైతులు రోడ్డెక్కుతారు, ఇద్దరూ తమ లెక్క నిజమేనంటారు. ఇద్దరి గడియారాలూ వేర్వేరు చోట్ల మొదలవుతున్నాయి. తేమ 17 శాతానికి దిగేదాకా కల్లంలో ఆరబోసిన రోజుల్ని వదిలేసినా, కాంటా వేసిన తేదీ ఒకటి, లారీ దొరికి బస్తాలు కదిలిన తేదీ ఒకటి, మిల్లరు దించుకున్న తేదీ ఒకటి, ట్యాబ్‌లో వివరాలు ఎక్కిన తేదీ ఒకటి, ఖాతాలో జమ తేదీ ఒకటి. ట్యాబ్ ఎంట్రీ నుంచి లెక్కపెడితే చెల్లింపు చురుగ్గా కనబడుతుంది. కాంటా నుంచి లెక్కపెట్టేది రైతు ఒక్కడే.

ఈ తేదీల్లో చాలావరకు కొనుగోలు కేంద్రం పుస్తకంలోనో, ట్రక్ షీటులోనో, బ్యాంకు దగ్గరో నమోదవుతూనే ఉన్నాయి. వాటిని ఒకే వరసలోకి తెచ్చి, మండలంవారీగా, ఏ తేదీ నుంచి ఏ తేదీకి ఎన్ని రోజులు పట్టిందో జనానికి కనబడేలా పెట్టాలి. కాంటా అయి డబ్బు పడనివారి సంఖ్య ప్రతిరోజూ విడిగా కనబడాలి. అప్పుడు లారీలు రాక ఆగిందా, మిల్లు గేటు దగ్గర ఆగిందా, ఖజానాలో ఆగిందా అన్నది కలెక్టరు ఫోను పెట్టేలోపే చెప్పగలడు. కొనుగోలు కేంద్రం నిర్వాహకురాలు కూడా రైతు వచ్చి అడిగిన ప్రతిసారీ 'పైన ప్రాసెస్‌లో ఉందన్నా' అని తలవంచుకోవాల్సిన పని లేకుండా, బస్తాలు ఏ మజిలీలో ఎన్నాళ్లుగా ఉన్నాయో ఫోన్‌లో తీసి చూపిస్తుంది.